వందో ఫోను మీద సున్నా

ఆ ఏడు జూన్ నెలలో కాలువల డివిజనుకు ఒక గొప్ప సందేహం పుట్టింది. లస్కర్లు రోజూ తూముల దగ్గరికి వస్తున్నారా, లేదా? తూములు వేళకు తెరుచుకుంటున్నాయి, వేళకు మూతపడుతున్నాయి, పొలాలకు నీళ్లు పారుతున్నాయి. అయినా ఆ తూములు తిప్పేవాళ్లు వచ్చి తిప్పుతున్నారా, రాకుండానే తిప్పుతున్నారా అన్నది పైవాళ్లకు తేలలేదు. తేల్చుకోవడానికి వంద సెల్‌ఫోన్లు తెప్పించి, తూముకొకటి చొప్పున పంచారు. ఫోన్లతో పాటు ఒక సర్క్యులర్ కూడా పంచారు.

"క్షేత్రస్థాయి సిబ్బంది ప్రతిదినము ఉదయము ఆరు గంటలకు తూము చెంత నిలబడి, తమ ముఖమును 'హాజరు నేత్రం' యాప్ నందు ప్రదర్శించి, యాప్ సంతృప్తి చెందిన పిమ్మట మాత్రమే తూమును స్పృశించవలెను."

ఫోన్లు లస్కర్లకు చేరే ముందు స్టోర్సు దాటాలి. స్టోర్సు సూపరింటెండెంటు అవధానులు గారు ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గుమ్మం కాస్తున్నారు. స్టాకు నంబరు వేయించుకోకుండా ఆ గుమ్మం దాటిన వస్తువు లేదు. బెంచీలు, బకెట్లు, నిచ్చెనలు, చీపుళ్లు, అన్నిటికీ తెల్ల పెయింటుతో నంబర్లుంటాయి. ఆఫీసు గోడ గడియారానికి అద్దం మీదే వేయించారు. అందువల్ల నాలుగుకీ అయిదుకీ మధ్య టైమెంతో కనపడదు. ఆ వేళకి ఆఫీసులో ఎవరూ ఉండరు గనుక ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

నంబరు "వస్తువు ముఖభాగమున, చెరగని రంగుతో" వెయ్యాలని రూలు. ఫోనుకు ముఖభాగమంటే అద్దమున్న వైపే. స్క్రీను కప్పేస్తే బాగుండదని అవధానులు గారు దయతలిచి, పైనున్న సన్నటి అంచు మీద వెయ్యమన్నారు. పెయింటరు నూకరాజు డివిజను పేరు, స్టోర్సు గుర్తు, ఆ తరవాత నంబరు, వరసగా రాసుకుంటూ పోయాడు. తొంభై తొమ్మిది వరకూ అంచులో సరిగ్గా సరిపోయాయి. వందో ఫోనుకు ఒక అంకె ఎక్కువైంది. ఉన్న కాస్త చోటులో ఇరికించబోతే ఆఖరి సున్నా చిన్నదై, లోపలంతా పూడుకుపోయి, తెల్లటి చుక్కలా సరిగ్గా ముందు కెమెరా మీద కూర్చుంది.

ఆ ఫోను గోగులంక తూము లస్కరు కడలి వీరవేణికి వచ్చింది. డివిజను మొత్తానికి ఆడ లస్కరు ఆవిడ ఒక్కతే కాబట్టి జాబితాలో ఆఖరున రాశారు. ఆమె భర్త ఆ తూము మీద లస్కరుగా చేస్తూ, కాలువగట్టున పాము కరిచి పోయాడు. ఆ ఉద్యోగం తనకిమ్మని వీరవేణి ఇదే ఆఫీసు చుట్టూ ఆరేళ్లు తిరిగింది. వచ్చి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో ఒక్క పొద్దు కూడా ఆ తూము ఆమె చెయ్యి పడకుండా తెరుచుకోలేదు. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం.

మొదటిరోజు ఆరింటికి ఫోనుకు మొహం చూపించింది.

"ముఖము కనిపించుట లేదు. దయచేసి వెలుతురులోనికి రండి" అంది ఫోను.

వెలుతురులోకి వచ్చింది. కొంగు తీసి మొహం తుడుచుకుంది. గట్టెక్కి తూర్పు తిరిగి నిలబడింది. ఆరుంపావుకి ఫోను, "మీరు ఈ దినము గైరుహాజరు" అని చెప్పి ఊరుకుంది. అప్పుడామె ఫోనును ఎండకి పెట్టి చూసి, తెల్ల చుక్క మీద వేలు పెట్టి రుద్దింది. సంగతేమిటో ఆమెకు ఆ నిమిషంలోనే అర్థమైంది. డివిజనుకు నెల్లాళ్లు చాలలేదు.

గోటితో గీరబోయి ఆగిపోయింది. పక్క తూము లస్కరు ఒకడు ప్రభుత్వ బకెట్టును బూడిదతో తోమితే నంబరు చెరిగిపోయింది. దాని మీద మూడేళ్లుగా విచారణ నడుస్తోంది. అందుకని గీరకుండా, ముందు తూము ఎనిమిది చుట్లు తిప్పింది. యాప్ సంతృప్తి చెందేదాకా వరి ఆకుమళ్లు ఆగవు. తరవాత హ్యాండిల్ ఊడదీసి ఇంట్లో పెట్టి, ఫోను పట్టుకుని ఆఫీసుకు బస్సెక్కింది.

"అవధానులు గారూ, మీ సున్నా కెమెరా మీద పడిందండి. గోటితో గీరేసుకుంటానండి" అంది.

అవధానులు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"సున్నా తీసేస్తే ఇది పదో నంబరు ఫోనైపోతుందమ్మా. పదో నంబరు ఫోను ఇంకో తూము దగ్గరుంది. ఒకే నంబరుతో రెండు ఫోన్లుంటే ఆడిట్‌కి ఎవరు సమాధానం చెబుతారు? నువ్వు చెబుతావా?"

"పోనీ మొత్తం తుడిచేసి వెనకాల రాయించండి."

"స్టాకు నంబరు తుడవాలంటే వస్తువు ఇక పనికిరాదని కండెమ్ అవ్వాలి. కండెమ్ అవ్వాలంటే అయిదేళ్లు వాడి ఉండాలి. నువ్వింకా ఒక్కరోజు కూడా వాడలేదు."

"పని చేస్తే కదండీ వాడ్డానికి."

"అదే చెబుతున్నాను. ముందు వాడు."

వీరవేణి బెంచీ మీద కూలబడింది. ఆమె భయం ఒక్కరోజు గైరుహాజరు గురించి కాదు. వరసగా ముప్పై రోజులు మొహం కనపడకపోతే లస్కరు ఉద్యోగం వదిలేసి పోయినట్టు యాప్ తనంతట తనే తేల్చేస్తుంది. ఒకరు రాయక్కర్లేదు, ఒకరు సంతకం పెట్టక్కర్లేదు. దీనికి "మానవ ప్రమేయము లేని నిర్ణయము" అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దివాకరం గారికి రాజధానిలో శాలువా కప్పారు.

రోజూ పొద్దున్నే తూము తిప్పి ఆఫీసుకు వచ్చి బెంచీ మీద కూర్చోవడం, సాయంత్రం వెళ్లి తూము మూసుకోవడం ఆమెకు పనైపోయింది. అయిదో రోజున ఈఈ దివాకరం గారి కళ్లలో పడింది. ఆయనకు కొత్త వస్తువులంటే మహా ఉత్సాహం. మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చినప్పుడు అక్కడిచ్చిన సంచీని ఇప్పటికీ భుజాన వేసుకుని తిరుగుతారు. వెంటనే సమావేశం పెట్టించి, ఫోన్లతో పాటు డివిజనుకు దిగుమతైన సాంకేతిక సలహాదారు ఫణీంద్రను పిలిపించారు.

ఫణీంద్ర ఫోనును తిప్పి తిప్పి చూశాడు.

"పెయింటు మనం ముట్టుకోకూడదు కాబట్టి ఫోను లోపలి వ్యవస్థనే మార్చాలి సార్. రూట్ చేద్దాం."

"అంటే?"

"ఫోను మనదే అయినా దాని మీద సర్వాధికారాలూ కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది సార్. మనం అద్దెకున్నట్టు వాడుకుంటాం, అంతే. రూట్ చేస్తే ఆ అధికారాలన్నీ మన చేతికొస్తాయి. అప్పుడు ముందు కెమెరా బదులు వెనక కెమెరాతో చూడమని యాప్‌కి మనమే ఆర్డరు వెయ్యొచ్చు."

దివాకరం గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"అంటే ఇన్నాళ్లూ ఈ ఫోనులో నాకంటే పై అధికారి ఒకడు ఉన్నాడన్నమాట."

"ఉన్నాడు సార్."

"ఏ క్యాడరు?"

అవధానులు గారు అందుకుని, క్యాడరు సంగతి తరవాత చూడొచ్చనీ, సర్వాధికారాలు ఒక లస్కరు చేతిలో పెట్టడమెలాగో ముందు తేలాలనీ అన్నారు. గంటన్నర చర్చించి తేల్చారు. అధికారాలు ఈఈ గారికి సంక్రమిస్తాయి. ఫోను మాత్రం లస్కరు పట్టుకుంటుంది. దీని కోసం "రూటు సాధన ఉపసంఘము" ఏర్పాటైంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ వీరవేణి, "అయ్యగారూ, ఆ చుక్కొక్కటి గీరేస్తే..." అని నసిగింది.

"అమ్మా, అది స్టోర్సు విషయం. ఇది టెక్నికల్ విషయం. రెండూ కలపకూడదు" అన్నారు దివాకరం గారు. ఆయన మంచి మనిషే. విసుక్కోకుండా చెప్పారు.

ఫణీంద్ర విధానం చదివి వినిపించాడు. సెట్టింగుల్లోకి వెళ్లి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు వరసగా తాకాలి. అప్పుడు ఒక దాచిన మెనూ తెరుచుకుంటుంది. వీరవేణి తాకబోతే అవధానులు గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఈఈ గారుండగా ఒక లస్కరు మొదటి తాకు తాకడమేమిటన్నారు. ఏడు తాకులున్నాయి, ఆఫీసులో ఏడు సీట్లున్నాయి. కాబట్టి హోదా ప్రకారం సీటుకొక తాకు అని ఉపసంఘం తీర్మానించింది.

ఫోనును ఫైళ్ల ట్రేలో పెట్టి ఈఈ గారి గదిలోకి తీసుకెళ్లారు. ఆయన తాకారు. ట్రే డీఈ గారి గదికి వెళ్లింది. ఆయన తాకారు. అక్కడి నుంచి అకౌంట్సుకు వెళితే, అకౌంట్సు ఆయన కళ్లజోడు వెతుక్కుని, నోటు ఫైలు చదివి, "తాకవచ్చును" అని రాసి తాకబోయేసరికి స్క్రీను ఆరిపోయింది. ఫణీంద్ర మళ్లీ మొదటి నుంచి అన్నాడు. రెండోరోజు నాలుగు తాకుల దాకా వచ్చింది. అయిదో సీటు ఆయన సెలవులో ఉన్నాడు. ఆయన తరఫున తాకడానికి ఇన్‌చార్జి ఎవరో ఆర్డరు తయారయ్యేసరికి స్క్రీను మళ్లీ ఆరింది. మూడోరోజు డ్రాఫ్ట్స్‌మన్ గట్టిగా నొక్కి పట్టుకున్నాడు, స్క్రీను మీద వేరే పేజీ ఏదో తెరుచుకుంది. నాలుగోరోజు ఏడు సీట్లనూ వరండాలో వరసగా నిలబెట్టి, ట్రేని పరిగెత్తించారు. "మీరిప్పుడు డెవలపర్ అయినారు" అంది ఫోను. ఏడుగురూ ఒకరికొకరు షేక్‌హ్యాండ్లు ఇచ్చుకున్నారు.

వీరవేణికి అప్పటికి పది గైరుహాజర్లు పడ్డాయి.

తరవాత ఫోనును కంప్యూటరుకు తగిలించాలి. స్టోర్సు నుంచి తీగ తెప్పించి తగిలించారు. కంప్యూటరు "పరికరము కనబడుట లేదు" అంది. ఫణీంద్ర డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశాడు. కంప్యూటరును ఆర్పి వెలిగించాడు. వేరే రంధ్రంలో పెట్టాడు. మూడు రోజులు అదే పని. కనబడలేదు. బల్ల మీద ఎదురుగా ఉన్న ఫోను కనబడకపోవడమేమిటని దివాకరం గారికి కోపమొచ్చి, ఫోను ఎవరి అధీనంలో ఉందో వాళ్లకు మెమో ఇమ్మన్నారు. బెంచీ మీదున్న వీరవేణికి మెమో అందింది.

"మీ అధీనమందున్న ఫోను, బల్లపై ఉండియు కంప్యూటరుకు కనిపించకపోవుటకు గల కారణములను మూడు దినములలో తెలుపవలెను."

ఆమె అక్కడే కాగితం అడిగి పుచ్చుకుని సమాధానం రాసింది. "అయ్యా, తీగ సన్నంగా ఉందని స్టాకు నంబరు దాని కొన మీద వేశారు. రంగు లోపలికి పోయింది. కావాలంటే చూసుకోండి."

ఆ సమాధానాన్ని "విషయమునకు సంబంధము లేనిది" అని ఫైలు చేశారు. మర్నాడు ఫణీంద్ర చప్పుడు చెయ్యకుండా ఇంటి నుంచి తన సొంత తీగ తెచ్చి తగిలించాడు. కంప్యూటరుకు ఫోను కనబడింది. ఇది తన మూడు రోజుల కృషి ఫలితమని రిపోర్టు రాసుకున్నాడు.

ఇక ఫోను లోపల కంపెనీ వేసిన తాళం తియ్యాలి. దానికి కంపెనీ వారం రోజులు ఆగమంది. ఆగాక, తాళం తీస్తే ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుందని హెచ్చరించింది. అవధానులు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ప్రభుత్వ రికార్డు చెరిపేస్తారా?"

"ఇందులో ఏమీ లేదు సార్. ఈవిడ గైరుహాజర్లు తప్ప" అన్నాడు ఫణీంద్ర.

"గైరుహాజరు రికార్డు కాదా?"

అందువల్ల గైరుహాజర్లన్నీ రిజిస్టరులోకి ఎక్కించారు. రోజుకొక పేజీ, పేజీకి మూడు నకళ్లు. కింద సదరు ఉద్యోగి స్వయంగా హాజరై, వివరాలు సరైనవేనని సంతకం చెయ్యాలి. వీరవేణి బెంచీ మీద కూర్చుని సంతకాలు చేసింది. పన్నెండో తారీకున నేను రాలేదు. పదమూడో తారీకున నేను రాలేదు. ఆ పన్నెండున, ఆ పదమూడున కూడా ఆమె అదే బెంచీ మీద ఉంది. ఎదురుగా అవధానులు గారు ఉన్నారు. సంతకం పెట్టిన ప్రతిసారీ ఆయన అద్దుడు కాగితం అద్దారు.

"ఈ రోజుది కూడా పెట్టెయ్యమంటారాండి?" అని అడిగింది.

"ఈ రోజు ఇంకా పూర్తవలేదు కదమ్మా. రేపొచ్చి పెట్టు."

"రానిదాన్ని రేపెలా వస్తానండీ?"

"మాటలొద్దు. నీ మంచికే చేస్తున్నాం ఇదంతా."

తిరుగు బస్సులో ఆమెకు ఏడుపొచ్చింది. ఆరేళ్లు తిరిగినప్పుడు, మొగుడు పోయాడని రుజువు తెమ్మని అడిగారు. తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు తను ఉన్నానని రుజువు కావాలి. అది ఏ ఆఫీసులో ఇస్తారో ఆమెకు తెలియదు. బస్సు దిగి, కళ్లు తుడుచుకుని, తూము మూసి ఇంటికి పోయింది.

ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫణీంద్ర గట్టిగా, "అయింది సార్" అన్నాడు. ఫోను రూటైంది. కోవా బిళ్లలు తెప్పించారు. దివాకరం గారు లేచి నిలబడి, ఫోను మీద కుడిచెయ్యి ఉంచి సర్వాధికారాలూ స్వీకరించారు. వీరవేణి కూడా దణ్ణం పెట్టుకుంది. యాప్ తెరిచారు.

"ఈ ఫోనునందు అనధికార మార్పులు జరిగినవి. ఇట్టి ఫోనును యాప్ విశ్వసించదు. విషయము పై అధికారులకు నివేదింపబడినది."

కోవా బిళ్ల దివాకరం గారి నోటి దగ్గరే ఆగిపోయింది.

"సార్, రూట్ చేసిన ఫోన్లలో ఈ యాప్ పనిచెయ్యదు" అన్నాడు ఫణీంద్ర మెల్లగా.

"ఆ ముక్క ముందు చెప్పలేదే?"

"ముందు ఎవరూ అడగలేదు సార్. ఆ షరతు మనమే పెట్టించాం. మీ సంతకం ఉంది."

దివాకరం గారు కోవా బిళ్ల నమిలి మింగారు. ఫోనును సాక్ష్యంగా బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నారు. ఉపసంఘం తన లక్ష్యాన్ని సాధించినందున రద్దయిందని మినిట్సులో రాయించారు. లక్ష్యం రూటు, రూటు అయింది, కాబట్టి ఆ రాతలో అబద్ధమేమీ లేదు.

మర్నాటితో ముప్పై నిండాయి. గోగులంక లస్కరు ఉద్యోగం వదిలిపోయినట్టు రాజధానిలోని కంప్యూటరు తేల్చేసింది. అంతటితో ఆగినా బాగుండును. ఆ కంప్యూటరుకు తూముల దగ్గరి నీటిమట్టం లెక్కలు కూడా అందుతాయి. గోగులంకలో ముప్పై రోజులుగా మనిషి లేడు, అయినా తూము రోజూ పొద్దున్నే తెరుచుకుని సాయంత్రం ఆరింటికి మూతపడింది, ఒక్క పూట కూడా తప్పలేదు. డివిజనులో మరే తూముకూ అంత మంచి రికార్డు లేదు. కంప్యూటరు రెండూ కలిపి చూసి, గోగులంకది మానవరహిత తూము అని ప్రకటించింది. అక్కడ లస్కరు పోస్టు అనవసరమని రద్దు చేసింది. ఈ అద్భుతాన్ని చూడ్డానికి చీఫ్ ఇంజనీరు గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది.

దివాకరం గారు మొదట కంగారుపడ్డారు. అది ప్రశంస అని తెలిశాక, ఎందుకొచ్చిందో వెతకడం మానేశారు.

వీరవేణి హ్యాండిల్ అప్పగించడానికి స్టోర్సుకు వెళ్లింది. డ్యూటీలో లేని మనిషి దగ్గర నుంచి వస్తువు పుచ్చుకోవడానికి ఫారం లేదని అవధానులు గారు తిప్పి పంపేశారు.

చీఫ్ ఇంజనీరు గారు వచ్చిన రోజున ఆమె అలవాటు కొద్దీ ఆరింటికే తూము దగ్గరికి చేరింది. చేరి, హ్యాండిల్ ఒళ్లో పెట్టుకుని తూము దిమ్మ మీద కూర్చుంది. పదకొండేళ్లలో మొదటిసారి తిప్పలేదు. తొమ్మిదింటికి కార్లు వచ్చాయి. తూము మూసే ఉంది. దివాకరం గారు వేగంగా నడిచొచ్చి గొంతు తగ్గించి అన్నారు.

"ఏమ్మా, సారు కారు దిగేలోపు కాస్త తిప్పేసి అటు తప్పుకో."

"మొహం చూపించకుండా తూము ముట్టుకోకూడదండి. మీ సర్క్యులరే."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"నా పోస్టు పోయిందండి. నేనెవర్నని తిప్పమంటారు?"

గట్టు మీద రైతులు నలుగురైదుగురు పోగయ్యారు. వాళ్లలో పెద్దాయన ముందుకొచ్చాడు.

"వీరవేణమ్మా, ఆళ్ల సంగతి ఆళ్లు సూసుకుంటారు. ఎండెక్కిపోతంది, ఆకుమడి ఆరిపోతంది తల్లీ. నీకు పుణ్యముంటాది."

ఆమె ఆకుమళ్ల వైపు చూసింది. లేత ఆకు కొసలు అప్పుడే వాడుతున్నాయి. ఇక కూర్చోలేకపోయింది. లేచి, హ్యాండిల్ తగిలించి, కారు దిగుతున్న చీఫ్ ఇంజనీరు గారికి ఎదురుగా నిలబడి, దాక్కోకుండా, ఆయన కళ్లలోకి చూస్తూ ఎనిమిది చుట్లు తిప్పింది. నీళ్లు పొలాల బోదెలోకి దూకాయి.

"ఆవిడెవరు?" అన్నారు చీఫ్ ఇంజనీరు గారు.

"రికార్డు ప్రకారం అక్కడెవరూ లేరండి సార్" అన్నారు దివాకరం గారు.

చీఫ్ ఇంజనీరు గారు తన చేతిలోని ట్యాబు చూశారు. తల ఎత్తి వీరవేణిని చూశారు. మళ్లీ ట్యాబు చూశారు.

"అవును. ఎవరూ లేరు. అద్భుతంగా పనిచేస్తోందయ్యా" అని చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారని అందరూ కొట్టారు. ఫొటోగ్రాఫరు వచ్చి, మానవరహిత తూము ఫొటోకి అడ్డం వస్తున్నారని వీరవేణిని రెండడుగులు పక్కకి జరగమన్నాడు.

ఆమె జరిగింది. జరిగేముందు హ్యాండిల్ ఊడదీసి భుజాన వేసుకుంది. అలాగే గట్టు దిగి, కార్ల పక్క నుంచే ఇంటికి నడిచిపోయింది. ఎవరూ ఆపలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఇంటి ముందు జీపు ఆగింది. దివాకరం గారు, అవధానులు గారు దిగారు. స్టాకు తనిఖీలో హ్యాండిల్ తగ్గింది. పైగా వచ్చే వారం వేరే రాష్ట్రం నుంచి ఇంకో బృందం మానవరహిత తూమును చూడ్డానికి వస్తోంది.

"హ్యాండిల్ ఇచ్చెయ్యమ్మా" అన్నారు అవధానులు గారు.

"ఎవరు పట్టుకెళ్లారని రాశారండి?"

అవధానులు గారు రిజిస్టరు తెరిచి, ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టారు.

"అక్కడ ఎవరూ లేరని మీరే రాశారు కదండీ. లేని మనిషి హ్యాండిల్ ఎలా పట్టుకెళ్తదండీ? ముందు నేనున్నానని కాగితం మీద రాయండి. అప్పుడు పట్టుకెళ్లండి. నాకు ఇంకేమీ వద్దు. నా తూము కాడికి నన్ను పోనిస్తే చాలు."

"పోస్టు రద్దయిందమ్మా. మళ్లీ పెట్టడం నా చేతుల్లో లేదు. కంప్యూటరు ఒప్పుకోదు" అన్నారు దివాకరం గారు. ఆయన గొంతు నిజంగానే దీనంగా ఉంది.

అవధానులు గారు అరుగు మీద కూర్చుని రిజిస్టరు ఒళ్లోకి తీసుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం ఊరికే పోదు.

"మనుషుల్ని పెట్టాలంటే కంప్యూటరు ఒప్పుకోవాలి సార్. వస్తువుల్ని పెట్టాలంటే నేను ఒప్పుకుంటే చాలు. స్టాకు రిజిస్టరులో, 'తూము హ్యాండిల్, తిప్పు మనిషితో సహా, ఒక సెట్టు' అని ఎక్కించేస్తాను. స్టోర్సు వస్తువులకి ఫోను అక్కర్లేదు, హాజరు అక్కర్లేదు. తూమూ మానవరహితంగానే ఉంటుంది."

దివాకరం గారు ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. అవధానులు గారు సంతకం పెట్టమని రిజిస్టరు వీరవేణి ముందు పెట్టబోయి, వస్తువులు సంతకం పెట్టవని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు.

ఆమెకు నవ్వాలో, సిగ్గుపడాలో, హ్యాండిల్ పుచ్చుకుని ఇద్దర్నీ ఒకటి వెయ్యాలో తెలియలేదు. రేపు పొద్దున్న తూము దగ్గర ఉండొచ్చని మాత్రం అర్థమైంది. తలూపింది.

మర్నాడు ఆరింటికి ఆమె వెళ్లేసరికి నూకరాజు తూము దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన తెల్ల పెయింటు డబ్బా, కుంచె ఉన్నాయి. ఆమెను చూసి లేచి నిలబడి, తల దించుకున్నాడు.

"నంబరెయ్యమన్నారమ్మా."

"హ్యాండిల్‌కి పాత నంబరుంది కదయ్యా."

"హ్యాండిల్‌కుంది. సెట్టులో రెండోదానికి లేదంట." కుంచె డబ్బాలో ముంచి, "ముఖభాగమున అని రూలంటమ్మా. నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు.

వీరవేణి అతనివైపూ డబ్బావైపూ చూసింది. హ్యాండిల్ తగిలించి, చీర చెంగు బొడ్లో దోపుకుంది.

"మొహమ్మీద వద్దు నూకరాజూ. దాన్ని నెల్లాళ్లు అందరికీ చూపించాను, ఒక్కడికీ కనపళ్లేదు. ఇదిగో, ఈ చేతిమీద రాయి."

నూకరాజు తల ఎత్తకుండానే ఆమె ఎడమచేతి మీద నూటొకటి రాశాడు. ఈసారి సున్నా గుండ్రంగా, పెద్దదిగా, మధ్యలో చోటు వదిలి వేశాడు. రంగు ఆరేదాకా చెరిగిపోకుండా వీరవేణి ఆ చేతిని పక్కకి చాపి ఉంచి, రెండో చేత్తో తూము తిప్పింది.